ఒక్క నిమిషం వీడియో, నాలుగు ప్రశ్నలు

ఒక్క నిమిషంలో వైద్యం చెప్పొచ్చా? చెప్పొచ్చని నమ్మేవాళ్లు మన ఫోన్లలో రోజూ కనబడుతూనే ఉన్నారు. మెంతులు నానబెట్టి తాగితే షుగర్ మాయం, ఫలానా ఆకు నమిలితే కిడ్నీలో రాళ్లు మాయం, టాబ్లెట్లు ఇక పారేయండి. వెనక ఒక మ్యూజిక్, చివర్లో "మీ వాళ్లందరికీ షేర్ చేయండి". సుబేదారిలో మా వీధిలో ఏ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తెరిచినా ఇవే.

నేను అడగాలనుకుంటున్నది వేరే ప్రశ్న. అదే ఒక్క నిమిషం వీడియోతో, ఏ మాట నమ్మాలో తేల్చుకోవడం నేర్పగలమా? నేను మెడికల్ స్టూడెంట్‌ని కాదు, సీఎస్ఈ సెకండియర్. ఏ జబ్బుకి ఏ మందో చెప్పే అర్హత నాకు లేదు, ఈ వ్యాసంలో చెప్పను కూడా. కానీ "ఇది పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే "ఎలా తెలుసు?" అని అడగడం మన బ్రాంచ్‌లో రోజూ చేసే పనే.

నాకు అర్థమైన సంగతి ముందే చెప్పేస్తా. చిన్న వీడియో జవాబు నేర్పడానికి పనికిరాదు. ఒక ప్రశ్న నేర్పడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఒక వీడియోకి ఒకే ప్రశ్న.

ముందు పేరు సంగతి

వైద్యంలో దీన్ని ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ అంటారు. ఆధారాల మీద నడిచే వైద్యం అనుకుందాం. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ డాక్టర్ గోర్డన్ గయట్ 1991లో ఈ పేరును అచ్చులోకి తెచ్చారు. అక్కడే పనిచేసిన డేవిడ్ సాకెట్, మరికొందరు కలిసి 1996లో దీనికి ఒక వివరణ రాశారు. దాని సారం ఏంటంటే, మంచి వైద్య నిర్ణయానికి మూడు కావాలి: దొరికినంతలో మంచి పరిశోధన, డాక్టర్ అనుభవం, పేషెంట్‌కి ఏది ముఖ్యమన్నది. చాలామంది మొదటిది చెప్పి ఆగిపోతారు. మూడోది లేకపోతే మిగతా రెండూ ఎందుకు సరిపోవో కింద చూద్దాం.

మొదటి ప్రశ్న: దేనితో పోల్చి చూశారు?

2021 మే నెల గుర్తుందా? కోవిడ్ సెకండ్ వేవ్. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది వచ్చారు, అంబులెన్సుల్లో కూడా వచ్చారు. అంతమందిని అక్కడికి రప్పించినవాటిలో చిన్న వీడియోలు ముఖ్యమైనవి. కంట్లో చుక్కలు వేయించుకున్న వెంటనే ఊపిరి ఆడిందని ఒక పెద్దాయన చెప్పిన వీడియో రెండు రాష్ట్రాలూ తిరిగింది. ఆ నెలాఖరుకి ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆ వార్త కూడా అంతే వేగంగా తిరిగింది.

ఇక్కడ ఆగి ఆలోచిద్దాం. మొదటి వీడియో చూసి "మందు పనిచేస్తుంది" అన్నవాళ్లూ, రెండో వార్త చూసి "మందు దండగ" అన్నవాళ్లూ చేసింది ఒకే పని. ఒక్క మనిషిని చూసి అందరి గురించీ తేల్చేశారు. కోవిడ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. కాబట్టి మందు తీసుకుని కోలుకున్నవాళ్లను ఎంతమందిని చూపించినా, తీసుకోనివాళ్లు ఎంతమంది కోలుకున్నారో తెలియకపోతే లెక్క సగమే.

అప్పట్లో ఆయుష్ పరిశీలన తర్వాత ప్రభుత్వం చెప్పిన మాట కూడా జాగ్రత్తగా వినాలి. హానికరమైనవి ఏవీ కనబడలేదు, కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. ఇందులో రెండు వేర్వేరు మాటలున్నాయి. జనం మొదటిదే విన్నారు. "హాని లేదు" అంటే "పనిచేస్తుంది" అని కాదు.

మన భాషలో చెప్పాలంటే ఇది డీబగ్గింగ్. ఒకేసారి ఐదు లైన్లు మార్చి ప్రోగ్రాం నడిస్తే, ఏ లైను వల్ల నడిచిందో చెప్పలేం. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చాలి. మనుషులను "మిగతావన్నీ అలాగే" ఉంచడం కుదరదు గనక లాటరీ వేసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి మామూలు వైద్యం. ఎవరు ఏ గుంపులోకి వెళ్తారన్నది డాక్టర్ ఇష్టం కాదు, పేషెంట్ ఇష్టం కాదు. అప్పుడు వయసు, బలం, డబ్బు అన్నీ రెండువైపులా దాదాపు సమానంగా సర్దుకుంటాయి.

రెండో ప్రశ్న: నూటికి ఎంతమంది, ఎలాంటివాళ్లు?

అదే కోవిడ్‌కి సరైన పోలిక ఎలా ఉంటుందో చూడండి. 2020లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు బ్రిటన్ ఆసుపత్రుల్లో రికవరీ అనే ట్రయల్ చేశారు. డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్‌ని లాటరీ పద్ధతిలో 2,104 మందికి ఇచ్చారు. 4,321 మందికి అది లేకుండా మామూలు వైద్యం చేశారు. 28 రోజుల తర్వాత లెక్క చూశారు.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మందు లేకపోతే నూటికి సుమారు 41 మంది చనిపోయారు, మందు ఇస్తే 29 మంది. అంటే వందమందికి ఇస్తే పన్నెండు ప్రాణాలు. చవక మందుతో!

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో ఆ మందు వల్ల లాభం ఏమీ కనబడలేదు. వాళ్లలో మందు ఇచ్చినవైపు మరణాలు కొంచెం ఎక్కువే ఉన్నాయి. అది యాదృచ్ఛికమూ కావచ్చు, నష్టమూ కావచ్చు. మందు అదే, జబ్బు అదే. ఒకరికి ప్రాణం పోసింది ఇంకొకరికి ఎందుకూ పనికిరాలేదు. అందుకే "స్టెరాయిడ్ కోవిడ్‌కి మంచిదట" అన్న వాక్యంలో అబద్ధం లేకపోయినా ప్రమాదం ఉంది. "ఎవరికి?" అన్నది అందులో లేదు.

ఈ ప్రశ్నకి వీడియో సరిగ్గా సరిపోతుంది. శాతాలు చెప్తే మా ఇంట్లో ఎవరూ వినరు. రెండు స్టీలు పళ్లేలు పెట్టి, ఒక్కోదాంట్లో వంద గింజలు పోయండి. బతికినవాళ్లకి మక్క గింజలు, పోయినవాళ్లకి చింతగింజలు. మొదటి పళ్లెంలో 41 చింతగింజలు, రెండోదాంట్లో 29. పైనుంచి ఫోన్ పట్టుకుంటే చాలు, మాట అవసరం లేదు. చదువు రానివాళ్లకి కూడా తేడా కళ్లకి కనబడుతుంది.

మూడో ప్రశ్న: తర్వాత జరిగిందా, దానివల్ల జరిగిందా?

ఈ ఉదాహరణ మన పక్క జిల్లాది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఉండటానికి అది. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. గుజరాత్‌లో వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని బయటికి వచ్చాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టుని ఆపేసింది.

టీకా తర్వాత చనిపోయారు. టీకా వల్ల చనిపోయారా? విచారణ కమిటీ చూస్తే కారణాల్లో నీళ్లలో మునగడం, పాముకాటు, మలేరియా లాంటివి ఉన్నాయి. టీకాకీ మరణాలకీ సంబంధం కనబడలేదని తేల్చింది. వేలమంది పిల్లలను నెలల తరబడి గమనిస్తే, టీకా ఉన్నా లేకపోయినా, వాళ్లలో కొందరికి ఏదో ఒకటి జరుగుతుంది. ఇది చాలా బాధ కలిగించే లెక్క, కానీ లెక్కే. టీకా వేయించుకోని అంతమంది పిల్లల్లో ఎన్ని మరణాలు జరిగాయో చూడకుండా ఏమీ అనలేం. మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం.

ఆ టీకా సంగతి తర్వాత ఇంకా స్పష్టమైంది. 2020లో స్వీడన్‌లో పదహారు లక్షలకు పైగా అమ్మాయిల, ఆడవాళ్ల రికార్డులు చూశారు. 17 ఏళ్ల లోపు టీకా వేయించుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 88 శాతం తక్కువగా ఉంది.

మరి ఖమ్మంలో తప్పేమీ జరగలేదా? జరిగింది. అదే నాలుగో ప్రశ్న.

నాలుగో ప్రశ్న: నిర్ణయం ఎవరిది?

మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలకి ఏం చెప్పారు, వాళ్లు ఏం అడిగారు, అసలు అడిగే అవకాశం వచ్చిందా? 2013 ఆగస్టులో పార్లమెంటరీ కమిటీ తన రిపోర్టులో దీన్నే గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. ఆధారం మంచిదే. కానీ ఆ పిల్లల తరఫున నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లను అడగలేదు. మంచి టీకాకి చెడ్డపేరు రావడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. సాకెట్ చెప్పిన మూడోది లేకపోతే ఏమవుతుందో ఇదే ఉదాహరణ.

ఇంట్లో కూడా ఇదే చూశాను. మా నానమ్మకి బీపీ ఉంది. ఒకరోజు ఫోన్ నా చేతికిచ్చి అడిగింది, "బిడ్డా, గీ కషాయం తాగితే గోలీలు అక్కర్లేదట. బంద్ చేయాల్నా?"

"ఆయన గోలీలు బంద్ చేసినోళ్లను ఎంతమందిని చూసిండు నానమ్మా? బంద్ చెయ్యనోళ్లను గూడ చూసిండా?"

"అవన్నీ చెప్పలే." కాసేపాగి అంది, "నాకు పొద్దున లేస్తే మూడు గోలీలు మింగుడు కష్టమైతంది బిడ్డా. అందుకే చూసిన."

నానమ్మకి కషాయం మీద నమ్మకం కాదు, మూడు గోలీల మీద విసుగు. ఆ వీడియో అబద్ధమని నేను పది నిమిషాలు లెక్చర్ ఇచ్చినా విసుగు పోదు. బీపీ ఎక్కువైనా మనిషికి మామూలుగా ఏమీ తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి చెప్పకుండా మానేసి "బాగానే ఉన్న" అనుకోవడం చాలా తేలిక. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు నానమ్మే అడిగింది, "సార్, మూడు మింగలేకపోతున్న, తక్కువైతయా?" ఆయన రెండు మందులు కలిసిన ఒకే గోలీ రాశారు. ఇప్పుడు రెండే. ఆ ప్రశ్న ఆమె అడగకపోతే ఆయనకి తెలిసేది కాదు.

ఇక వీడియో ఎలా తీయాలి?

వీడియోతో ఆరోగ్యం చెప్పడం మన ఊళ్లకి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఇస్రో, నాసా కలిసి శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి టీవీ కార్యక్రమాలు పంపాయి. దాని పేరు సైట్. అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. అప్పుడు ఊరికి ఒక టీవీ, ఊరంతా దాని ముందు కూర్చునేది. డౌట్ వస్తే పక్కన మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక ఫోన్, పక్కన ఎవరూ లేరు. కాబట్టి ఆ పక్కమనిషిని వీడియోలోనే పెట్టాలి.

ఇది నా సొంత ఊహ కాదు. వెరిటాసియం ఛానెల్ డెరెక్ ముల్లర్ మీకు తెలిసే ఉంటాడు. సిడ్నీ యూనివర్సిటీలో అతని పీహెచ్‌డీ ఫిజిక్స్ వీడియోల మీదే. విషయాన్ని నీట్‌గా వివరించిన వీడియో చూసినవాళ్లు "చాలా క్లియర్‌గా ఉంది" అన్నారు, కానీ పరీక్ష పెడితే మార్కులు దాదాపు ముందులాగే ఉన్నాయి. ఒక స్టూడెంట్ తన తప్పు అభిప్రాయం చెప్పడం, ట్యూటర్‌తో వాదించడం చూపిన వీడియోకి "కన్ఫ్యూజింగ్" అన్నారు, కానీ మార్కులు బాగా పెరిగాయి. నీట్‌గా చెప్తే, చూసేవాడు తనకి ముందే తెలిసిందే విన్నాననుకుంటాడు. తన మనసులో ఉన్న తప్పు మాట తెరమీద వినబడితేనే ఆగుతాడు.

ఈ లెక్కన ఒక అరవై సెకన్ల స్క్రిప్టు ఇలా ఉండొచ్చు. ప్రశ్న ఒకటే: దేనితో పోల్చి?

సుబేదారిలో ఒక టీ కొట్టు. ఇద్దరు దోస్తులు.
మొదటివాడు: "మా బాపుకి జలుబైతే గీ ఆకురసం ఇచ్చినం. వారంల తగ్గింది. గ్యారంటీ మందురా."
రెండోవాడు: "మా బాపుకి గూడ జలుబైంది."
"ఏమిచ్చిన్రు?"
"ఏమియ్యలే."
"మరి?"
"వారంల తగ్గింది."
మొదటివాడు టీ గ్లాసు కింద పెడతాడు. రెండు సెకన్లు మాటల్లేవు.
"అంటే మా మందు పనిచేయనట్టేనా?"
"పనిచేసిందో లేదో తెల్వదు. ఇచ్చినోళ్లనూ ఇయ్యనోళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తది."
తెరమీద ఒకే వాక్యం: దేనితో పోల్చి చూశారు?

చూడండి, ఇందులో ఏ ఆకుని తిట్టలేదు, ఏ డాక్టర్నీ పొగడలేదు. "పనిచేయదు" అని కూడా అనలేదు, ఎందుకంటే అది కూడా మనకి తెలియదు. చూసిన మనిషి రేపు ఇంకో వీడియో చూసేటప్పుడు వాడుకోగల ప్రశ్న ఒకటి ఇచ్చాం, అంతే. మిగతా మూడు ప్రశ్నలకి మూడు వేరే వీడియోలు. నాలుగూ ఒకేదాంట్లో కుక్కితే అది మళ్లీ లెక్చరే.

లైకులు ఆధారం కాదు

ఇప్పుడు అసలు పరీక్ష. మన వీడియో పనిచేసిందని ఎలా తెలుస్తుంది? పదివేల వ్యూస్ వస్తే పనిచేసినట్టా? ఆకురసం వీడియోకి లక్ష వచ్చాయి. మన మొదటి ప్రశ్న మనకీ వర్తిస్తుంది.

ఉగాండాలో దీన్ని నిజంగా పోల్చి చూశారు. 2016లో 120 ప్రైమరీ స్కూళ్లను లాటరీ వేసి రెండుగా విడగొట్టారు. పదివేలకు పైగా పిల్లలు. సగం స్కూళ్లలో "ఈ మందు పనిచేస్తుందని ఎలా తెలుసు?" అని అడగడం బొమ్మల కథల పుస్తకంతో, టీచర్లతో నేర్పారు. మిగతా స్కూళ్లలో మామూలు పాఠాలే. చివర్లో పరీక్ష పెడితే నేర్చుకున్న గుంపులో నూటికి 69 మంది పాసయ్యారు, మామూలు గుంపులో 27 మంది. తల్లిదండ్రులకి చిన్న చిన్న ఆడియో ఎపిసోడ్లు వినిపించారు. వాళ్లలోనూ వెంటనే మంచి తేడా వచ్చింది.

ఏడాది తర్వాత మళ్లీ చూశారు. పిల్లల్లో నేర్పు నిలిచింది. తల్లిదండ్రుల్లో చాలావరకు జారిపోయింది. పిల్లలు క్లాసులో అభ్యాసాలు చేశారు, టీచర్‌తో వాదించారు. పెద్దవాళ్లు విన్నారు, అంతే. కారణం ఇదొక్కటే అని నేను చెప్పలేను, కానీ నాకైతే ఇది నమ్మదగిందిగా అనిపిస్తుంది. మనం కోడింగ్ వీడియోలు ప్లేలిస్టులకి ప్లేలిస్టులు చూసి, ల్యాబ్‌లో ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోవడం గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి చిన్న వీడియో తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాలంటే ఆ ప్రశ్నని ఎవరో ఒకరితో కలిసి వాడాలి. అందుకే నా ప్రతిపాదన వీడియోలు తీయడంతో ఆగదు. ఇంట్లో ఫ్యామిలీ గ్రూపులో ఆరోగ్యం వీడియో వచ్చినప్పుడు "ఫేక్" అని ఒక్క ముక్క పెట్టి వెళ్లిపోవద్దు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, అదే వీడియో మళ్లీ ప్లే చేసి, నాలుగింట్లో ఒక్క ప్రశ్న వాళ్లనే అడగనివ్వండి. జవాబు మీకు తెలియకపోయినా పర్లేదు. ఆ ప్రశ్న పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు.

మన క్లబ్ వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. నాలుగు వీడియోలు మన యాసలో, మన టీ కొట్ల దగ్గర తీద్దాం. చూపించే ముందు ఒక సెక్షన్ రోల్ నంబర్లని కంప్యూటర్ లాటరీతో రెండు గుంపులు చేద్దాం. ఒక గుంపుకి వీడియోలు చూపిద్దాం, ఇంకో గుంపుకి ఇప్పుడే వద్దు. తర్వాత ఇద్దరికీ ఒకే క్విజ్: కొత్త ఆరోగ్యం వీడియో ఒకటి ఇచ్చి, ఇందులో ఏం చెప్పలేదో రాయమందాం. నెల తర్వాత ఇంకోసారి. లెక్క పూర్తయ్యాక రెండో గుంపుకి కూడా చూపిద్దాం. తేడా రాకపోతే రాలేదనే ఈ పత్రికలో వేద్దాం. చేరాలనుకున్నవాళ్లు క్లబ్ మీటింగ్‌కి రండి. వచ్చేటప్పుడు మీ ఇంటి గ్రూపులో ఈ వారం తిరిగిన ఒక వీడియో, దానికి మీరు అడిగే ఒక ప్రశ్న తీసుకురండి.